నేను ఆడేవాడినా?

మెల్‌బోర్న్‌లో, ఫుటీ అని పిలిచే ఇక్కడి ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజు, క్రాన్‌బర్న్ రైల్లో నా ఎదుట ఓ జంట కూర్చుంది. ఆయనకు యాభై కూడా ఉండవు. ఫుటీ క్లబ్ మఫ్లర్ వేసుకున్న ఓ ముసలాయన ఆయన్ని గుర్తుపట్టి, "మీ ఆట చూడ్డానికే వచ్చేవాళ్లం!" అంటూ ఆయన చేయి పట్టుకుని ఊపేశాడు. ఆయన మర్యాదగా నవ్వాడు.

ముసలాయన దిగిపోయాక భార్య వైపు తిరిగి, "నేను ఫుటీ ఆడేవాడినా?" అని అడిగాడు.

"చాలా ఏళ్లు ఆడావు. చాలా బాగా ఆడావు."

ఆయన మొహం వెలిగింది.

"ఆటలో తలకు తగిలిన దెబ్బలు," అందామె నాతో మెల్లగా. "రోజూ చెప్తాను. రోజూ ఇలాగే సంతోషిస్తాడు."

ఇప్పటికీ టీవీలో ఎవరైనా ఆటగాడు గుద్దుకుని పడితే, బంతి ఎటు పోయిందో నేను చూడను. అతను లేచేదాకా అతన్నే చూస్తుంటాను.