గేటు బయట చూసిన పెనాల్టీలు

మొన్న ఆదివారం నాగ్‌పూర్ పోయి మా మేనకోడలు మ్యాచ్ చూసొచ్చిన. చూసొచ్చిన అనే చంద్రపూర్ల అందరికి చెప్పిన. అసలు ఏం జరిగిందో మీకే చెప్తున్న, బజార్ల ఎవ్వరికి చెప్పకుండ్రి.

పల్లవి మా చెల్లె లత బిడ్డ. నాగ్‌పూర్ల ఒక క్లబ్బుకు గోల్‌కీపర్. దేశంలున్న ఆడపిల్లల క్లబ్బులు ఆడే నాకౌట్ కప్పుల వీళ్లు క్వార్టర్ ఫైనల్ దాకొచ్చిండ్రు. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. లత నాలుగు రోజుల నుంచి సరిగ తినలే. స్టేడియానికి వస్తే గుండె ఆగుతదట, ఫోన్ల లైవ్ గూడ చూడదట. "నువ్వు పో అన్నా, అయిపోంగనే ఫోన్ చెయ్" అన్నది.

నాకు మా గిన్నెల దుకాణం తప్ప ఇంకేం తెల్వదు. ఫుట్‌బాల్ అంటే బంతి లోపటికి పోతే గోల్, గంతే. గానీ పోయిన నెల లీగ్ మ్యాచ్ ఒకటి చూసిన. అది డ్రా అయింది, చెరో పాయింట్ ఇచ్చిండ్రు, రెండు టీములు నవ్వుకుంట పోయినయి. ఆ తెలివే నా కొంప ముంచింది.

మ్యాచ్ మొదలైనకాన్నుంచి నా చేతులకు చెమటలే. బంతి పల్లవి దిక్కు వచ్చినప్పుడల్లా కండ్లు మూసుకున్న. పక్క కుర్చీల పెద్దమనిషి చెయ్యి రెండుసార్లు గట్టిగ పిసికిన. మూడోసారికి ఆయన లేచి ఇంకో వరుసల కూసున్నడు. తొంభై నిమిషాలైనయి, ఒక్క గోల్ గూడ కాలే. రెఫరీ విజిల్ ఊదిండు. పిల్లలు గడ్డి మీద కూలవడి నీళ్లు తాగుతున్నరు. చుట్టూ జనం లేచి ఒళ్లు విరుస్తున్నరు. నాకు పానం లేచొచ్చింది.

లతకు ఫోన్ చేసిన. డ్రా అయింది, పల్లవి ఒక్క గోల్ గూడ పోనియ్యలే, ఇగ నిమ్మళంగ అన్నం తిను అని చెప్పిన. సంతోషంతోని ఏడ్చింది పాపం. ఫ్యామిలీ గ్రూపుల వాయిస్ మెసేజ్ గూడ వెట్టిన. కోర్పనాల ఉన్న మా పెద్దమ్మ నుంచి లక్కడ్‌కోట్ చిన్నాయన దాకా అందరు దండాలు పంపిండ్రు. రష్ కాకముందే కారు ముందటికి తెద్దామని బయటికొచ్చిన.

కారు తాళం తీసిన్నో లేదో, స్టేడియం లోపట్నుంచి పెద్ద అరుపు. బహుమతులు ఇస్తున్నరేమో అనుకున్న. గప్పుడే లత ఫోన్. 

"అన్నా, అయిపోయిందన్నవ్ గద. పిల్ల మొఖం చూద్దామని లైవ్ పెట్టిన. మరి ఇంకా గోల్ల ఎందుకు నిలవడ్డది?"

పార్కింగ్ చూసుకునే ఆయనను అడిగితే, "పెనాల్టీ చాలూ ఆహే, భావూ" అన్నడు. పెనాల్టీలు నడుస్తున్నయట. నాకౌట్ల డ్రా ఉండదట. ఎవరో ఒకరు ఓడాల్సిందేనట.

ఉరికిన. చెప్పు జారిపోతే అక్కడనే ఇడిసి ఉరికిన. గేటు కాడ గార్డు ఆపిండు. ఒకసారి బయటికి పోయినంక ఆ టికెట్ చెల్లదట. మరాఠీల బతిమిలాడిన, హిందీల బతిమిలాడిన, ఆఖరికి తెలుగుల గూడ బతిమిలాడిన. కదలలే.

ఇగ మా గతి చూడుండ్రి. మ్యాచ్ చూడనన్న మా చెల్లె ఇంట్ల కూసొని చూసుకుంట చెప్తుంది. మ్యాచ్ చూడవోయిన నేను గేటు బయట నిలవడి వింటున్న. దాంట్ల గూడ ఒక తిప్పలు. లోపటి అరుపు నాకు ముందుగాల వినవడుతది, లత లైవ్‌ల అది అరనిమిషం ఆగి వస్తది. అరుపు ఎవరి కోసమో తెల్వదు. ఏమైందే అని అడిగితే, ఇంకా తన్నలేదన్నా, బంతి పెడుతుంది అంటది. ఆ అరనిమిషం ఇనుప గేటు పట్టుకొని సందుల్నుంచి తొంగిచూసుడే.

మనోళ్ల ఐదు అయినయి, వాళ్లది ఆఖరిది మిగిలింది, ఇది ఆపితే మనమే గెలుస్తం అన్నది లత. అంతల లోపట్నుంచి అరుపు. గేటు గూడ అదిరింది. మొక్కుదామంటే ఒక్క దేవుని పేరు యాదికి రాలే. ఫోన్ల లత ఊపిరి తప్ప ఏం వినవడ్తలే. ఎంతసేపటికో చిన్నగ అన్నది.

"ఆపింది అన్నా. నా బిడ్డ ఆపింది."

ఇద్దరం ఏడ్చినం. గార్డు తన కుర్చీ తెచ్చి నన్ను కూసుండవెట్టిండు.

గంటకు పల్లవి బయటికొచ్చింది. బట్టలంత మట్టి, మొఖం మాత్రం వెలిగిపోతుంది. రాంగనే, "మామా, ఆఖరిది చూసినవా?" అన్నది. నిజం చెప్పాలె. గానీ ఆ మొఖం చూసినంక నాకు నోరు రాలే.

"చూడకేంది బిడ్డా. కుడి దిక్కు ఎంత మంచిగ దూకినవ్, పులి లెక్క."

పల్లవి నన్ను ఎగాదిగ చూసింది.

"నేను దూకనే లేదు మామా. నిలవడ్డ కాడనే ఉన్న. బంతే వచ్చి నా కాళ్లకు తాకింది."

సెమీఫైనల్‌కు గూడ నన్ను రమ్మన్నది. కాకపోతే ఈసారి లత గూడ వస్తదట, మ్యాచ్ చూసేటందుకు కాదు, నేను కుర్చీల నుంచి లేవకుండ పట్టుకునేటందుకు.