ముందు వరుసలో పేము కుర్చీ

దగ్గరికి జరిగి కూర్చోండి తల్లీ, నా ఈడు వాళ్లయితే గోడకు ఆనుకోండి, చెప్పబోయేది కుర్చీల సంగతే. మొన్న పటాన్‌చెరు ఫంక్షన్ హాల్లో మా చెల్లెలి మనవరాలి పెళ్లికి పోయి, మోకాళ్లు పట్టేసి ముందున్న సోఫాలో కూర్చున్నానో లేదో, మెడలో కార్డు వేసుకున్న పిల్లగాడొకడు వచ్చి "అవ్వా, జెర లే, ఇవి పెద్దోళ్లకు" అన్నాడు. నాకంటే పెద్దోళ్లెవరో తోలుకరమ్మన్నాను గానీ లేవలేదు. లేవకపోవడం మా అమ్మ నేర్పిన విద్య.

నైజాం రాజ్యం పోయి కొన్నేళ్లయిన కాలమది. సంగారెడ్డి దగ్గర మిషన్ దవాఖానలో మా అమ్మ ఆయా. ఆ జీతంతోనే మా పొయ్యి వెలిగేది. ఆదివారం చర్చిలో మాకందరికీ చాపలు, ముందు వరుసలో తెల్లదొరలకు, దొరసానులకు పేము కుర్చీలు. ఇంగ్లీషోళ్ల రాజ్యం పోయింది, నైజాం పోయాడు, ఆ కుర్చీలు మాత్రం జరగలేదు.

కొత్తగా వచ్చిన నర్సు దొరసాని, వచ్చీరాని తెలుగులో, దేవుని ముందు అందరం ఒక్కటే అని పురిటి గదిలో బాలింతలకు చెబుతూ ఉండేది. ఒకనాడు గుడ్డలు పిండుతున్న అమ్మ తలెత్తకుండానే, "ఒక్కటే అయితే మీకు కుర్చీ, మాకు చాప ఎందుకమ్మా? దేవునికి మీ నడుములే కనవడ్తయా?" అనేసింది. దొరసాని ముఖం కందగడ్డ అయింది. కోపమనుకున్నాం, సిగ్గని తరువాత తెలిసింది.

ఆ ఆదివారం ఆమె కుర్చీ వదిలి వచ్చి మా చాప మీద కూలబడింది. మఠం వేయడం రాక కాళ్లు బారజాపితే, ముందున్న మా పెద్దమ్మ వీపుకు తగిలాయి. అందరం కొంగులు నోట్లో కుక్కుకున్నాం. ఆమె మాత్రం ఇక తన వంతు తీరిపోయినట్టు సంతోషంగా ఉంది. బయటికొచ్చాక అమ్మ ఊరుకుంటేనా? "నువ్వు కింద కూసుంటే మేం పైకొస్తమా? నీకు లేవబుద్ధయితే లేచిపోతవు. ఆ ఖాళీ కుర్చీల మమ్ముల కూసోనిస్తరా, గది చెప్పు."

మాట దవాఖాన నడిపే పెద్దదొర చెవిన పడింది. అందరి ముందు క్షమాపణ అడగకపోతే పనిలోంచి తీసేస్తామని కబురొచ్చింది. "నోటి తీటకు కూడు పోగొడ్తవే" అని నాయనమ్మ తిట్టిపోసింది.

మరుసటి ఆదివారం చర్చిలో, అమ్మ క్షమాపణకే లేచిందనుకున్నాం. ఆమె పోయి, మోకాళ్ల నొప్పులతో మూలిగే నాయనమ్మనే రెక్క పట్టి నడిపించి, దొరసాని వదిలిన ఆ పేము కుర్చీలో కూర్చోబెట్టింది. "అరే, మెత్తగనే ఉన్నదే!" అంది నాయనమ్మ, అందరికీ వినపడేలా. పెద్దదొర లేచి నిలబడ్డాడు. అప్పుడు నర్సు దొరసాని చాప మీది నుంచి లేచొచ్చి అమ్మ పక్కన నిలబడి, "ఈమె పోతే నేను కూడా పోతాను. తప్పు ఈమెది కాదు, మాది" అంది.

పెద్దదొర వెనక్కి తగ్గాడు, అమ్మ పని పోలేదు. ఆనాటి నుంచి ఆ కుర్చీలు ముసలివాళ్లవి, నిండు చూలాళ్లవి. తోటి దొరసానులు చాయ్‌కు పిలవడం మానేసినా నర్సు దొరసాని తిరిగి ఆ వరుసకు పోలేదు, మఠం వేయడం మాత్రం చచ్చినా రాలేదు.

ఇప్పుడు తెల్లదొరలు లేరు, మన వాళ్లే ముందు వరుసలో మెత్తలు వేసుకుని కూర్చున్నారు. లేపే పిల్లగాళ్లకు కొదవ లేదు గానీ, తాను కూర్చున్న కుర్చీయే తప్పని లేచే మనిషి కోసమే నా కళ్లు వెతుకుతాయి. పోనీండి, మీ ఇల్లు చుట్టాలతో నిండుగా ఉండాలి, కూర్చున్న వాళ్లను లెమ్మనే నోరు మీ గడప లోపల పుట్టకూడదు.