మూడు వారాలకని వెళ్లినామె

హాలిఫాక్స్ రేవు దాటించే ఫెర్రీలో నా ప్రక్కన ఒక కెనడా వృద్ధురాలు కూర్చున్నది. ఫోనులో నేను మనవరాలితో మాట్లాడటం ముగించగానే, "పాప ఎక్కడికెళ్తందండీ?" అని అచ్చమైన గోదావరి యాసలో అడిగింది. నేను విస్మయం నుండి తేరుకొని, ఆంధ్రదేశంలోని ఒక కుష్ఠురోగుల ఆసుపత్రికి రెండు వారాల సేవకై వెళుతున్నదని సగర్వంగా చెప్పాను.

బల్లపై ఉన్న నా కాఫీకప్పును ఆమె నాకంటె ముందే అందుకొని, అరచేతుల నడుమ క్షణకాలం పట్టి చూచి, నా చేతికిచ్చింది.

"వేడి తగ్గిందండి. ఏమనుకోకండి, అలవాటు. నేనూ అలాంటి ఆసుపత్రికే మూడు వారాలకని వెళ్లాను. మొదటిరోజే ఒకాయనకి పొగలు కక్కే టీ గ్లాసిచ్చాను. నవ్వుతా పట్టుకున్నాడు. ఆ వేళ్లకి స్పర్శ లేదని నాకేం తెల్సు? తెల్లారేసరికి చేతినిండా బొబ్బలు."

"తరువాత?"

"పుండు మానేదాకా ఉందామనుకున్నాను. ఆర్నెల్లు పట్టింది. ఈలోగా కట్లు కట్టడం వచ్చేసింది. ముప్ఫయ్యేళ్లు ఉండిపోయానండి."

"అయితే మా పిల్లను వద్దనమంటారా?"

"అయ్యో, వెళ్లనివ్వండి! గ్లాసు మాత్రం చూసి ఇమ్మనండి."

ఫెర్రీ ఒడ్డు చేరింది. ఆమె నమస్కరించి దిగిపోయింది.

ఇంటికి చేరి మనవరాలికి ఆ గ్లాసు మాట చెప్పాను. "ఓకే తాతయ్యా. టూ వీక్సే కదా!" అని నవ్వింది.

ఆ వృద్ధురాలు వెళ్లినది కూడా మూడు వారాలకేనని మాత్రం నేను చెప్పలేకపోయాను.