పోశన్నను పిలిచిన రోజు

గల్ఫ్‌లోని ఉమ్ అల్ క్వైన్‌లో మా గది పక్కనే పాలరాయి కోసే షెడ్డు ఉంది. రంపం మీద నీళ్లు పడగానే తడిసిన సున్నం లాంటి వాసన లేస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, లచ్చన్న కళ్లముందుకు వస్తాడు. జగిత్యాల వైపు మనిషి. ఆ షెడ్డులోనే ముప్పై ఏళ్లు రాయి చెక్కాడు. నేను అక్కడి కావలివాణ్ణి.

బడి ముఖం చూడలేదు నేను. పొట్లాల కాగితాలతో అక్షరాలు కూడబలుక్కుని యుద్ధాల చరిత్రల దాకా వెళ్లాను. వాటిలో సేనాపతుల గుర్రాలకు కూడా పేర్లున్నాయి. వెనక కంచరగాడిదలు తోలినవాళ్లకు మాత్రం లేవు. ఈ అన్యాయం మీద ఓరోజు నేను మండిపడుతుంటే లచ్చన్న ఉలి ఆపాడు. “మా తాత పోశన్న గట్లనే పోయిండన్నా,” అన్నాడు. మొదటి పెద్ద యుద్ధంలో తెల్లదొరల ఫౌజుతో ఇరాక్ వెళ్లి, అక్కడి సైనిక శ్మశానంలోనే మిగిలిపోయాడట. కబురు తెచ్చిన కాగితాన్ని చెదలు తిన్నా, ఆ చోటి పేరు ఇంట్లోవాళ్ల నోళ్లలో బతికింది.

పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య వస్తే లచ్చన్న మూడు తరాల పేర్లు చెప్పి, క్యాంపు వంటవాడి చేతిలో బియ్యం, పప్పు, చింతపండు పెట్టేవాడు. దానం పట్టే అయ్యగారు దొరకని చోట అన్నం వండేవాడే అయ్యగారు అనేవాడు. “నువ్వు గూడ ఇయ్యన్నా. మీ తాత పేరేంది?” అని ఒకసారి అడిగాడు. నాకు తెలియదు. గుర్రాల పేర్లన్నీ తెలిసిన నాకు!

కరోనా నెమ్మదించిన ఏడు అతని మేనల్లుడు గంగారాం ఇరాక్‌లో పనికి కుదిరాడు. తాత సమాధి మీద నీళ్లు పోసి రమ్మని లచ్చన్న ఒకటే పోరు. తర్వాత పంపి అక్కడ నిలబెట్టించడానికి ఒక తెల్లరాతి పలక తీసి, చెక్కడానికి పేరు కాగితం మీద రాసిమ్మన్నాడు. నేను ‘వీరుడు పోశన్న’ అని రాశాను.

“వీరుడు గీరుడు కొట్టెయ్యి. పక్కన మా ఊరి పేరు రాయి. పిలిస్తే దానికి పలుకుతడు.”

పెత్రమాస మధ్యాహ్నం గంగారాం వీడియో కాల్ చేశాడు. “మామా, ఈడ రాళ్లే లేవు! మన్నుల ఉన్న ఉప్పు తినేసిందట. ఉత్త మన్ను. ఏడ పొయ్యాలె?”

“చూశావా, రాయి కూడా మిగల్లేదు!” అని నేను అరిచాను.

“ఖలాస్ అన్నా, నువ్వాగు.” లచ్చన్న ఫోన్‌ను రాతిపలకకు ఆనించి, చెప్పులు విడిచాడు. “నడుసుకుంట నీళ్లు పొయ్యి బిడ్డా. యాడ పడ్డా ఎవలో ఒకలి తాతనే,” అన్నాడు. ఆపైన గొంతెత్తాడు. “ఓ పోశన్న తాతా! నీ మనుమన్ని, లచ్చన్నను!”

రంపం నడిపే పఠాన్ మిషన్ ఆపేశాడు. రాళ్లు మోసే నేపాలీ అతను తన టోపీ తీశాడు. ఫోన్‌లో సీసా నీళ్లు సన్నగా పడుతూ ఇంకిపోతున్నాయి. మట్టి తప్ప ఏమీ లేని ఆ మైదానం నిండా మనుషులు పడుకుని వింటున్నారనిపించింది. నా కోపానికి ఎన్నడూ రాని బలం ఆ ఒక్క పిలుపుకు ఉంది.

నిరుడు లచ్చన్నా పోయాడు. పంపే చోటు లేని ఆ పలక నా కిటికీలో ఉంది. మొన్న పెత్రమాసకు బియ్యం పట్టుకెళితే, “చాచా, కిస్‌కే నామ్ పే?” అని, ఎవరి పేరు మీదో అడిగాడు వంటవాడు.

“పోశన్న. లచ్చన్న,” అన్నాను. ఊళ్లో ఉన్న మా పెద్దక్కకు ఫోన్ చేసి కనుక్కున్న మూడో పేరు కూడా చెప్పాను. “ఎల్లయ్య. మా తాత.”