డబ్బాకొక బుట్ట ఎక్కువ

ఈ ఉదయం కెనడాలో, టొరంటో పక్కన ఏజాక్స్‌లోని మా గోదాములో కొత్తగా వచ్చిన అట్టపెట్టె కోయగానే పొగ వాసన గుప్పుమంది. బయట మంచు, పక్క యూనిట్‌లో కార్లకు రంగు వేసే మిషన్ రొద, లోపల సముద్రాల అవతల కట్టెల పొయ్యి మీద కాగిన తాటిబెల్లం. మరోసారి గట్టిగా పీల్చాను. మా వ్యాపారంలో వాసన చూడడం కూడా పనే అని నేర్పింది రూత్ ఆంటీ. ఆవిడ ఇప్పుడు ఇంకో రాష్ట్ర రాజధాని రెజైనాలో కూతురి దగ్గర ఉన్నారు. అక్కడి ప్రభుత్వం ఆవిడ సలహాలు లేకుండానే నడుస్తోందట. ఎంతకాలం నడుస్తుందో చెప్పలేను.

అప్పట్లో నేను టొరంటోలో ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం చేసేదాన్ని. ఒకరోజు వాళ్లు ఆ ఉద్యోగమే ఒక తప్పని పట్టేశారు. ఆ ఆదివారం చర్చి పార్కింగ్‌లో ఆంటీ నా కారు అద్దం మీద తట్టారు. నరసాపురంలో పుట్టి, వెల్లూరులో నర్సింగ్ చదివి, ఇక్కడి ఆస్పత్రిలో రిటైరైన మనిషి. తనతో పనిచేసిన శ్రీలంక తమిళ నర్సులు తమ ఊరి తాటిబెల్లం రుచి చూపించడం వల్ల, విశ్రాంతి తీసుకోవలసిన వయసులో దిగుమతి వ్యాపారం మొదలుపెట్టారు.

"ఏమ్మా, లేఆఫ్ చేశారటగా?"

"అవునాంటీ."

"మంచిది. సోమవారం వచ్చెయ్."

సోమవారం నా చేతిలో నిమ్మకాయంత తాటాకు బుట్ట పెట్టారు. అందులో నల్లటి బెల్లం గడ్డకట్టి ఉంది. అదే నా ఇంటర్వ్యూ.

"తిని చెప్పు."

"బాగుంది ఆంటీ."

"నేనేం పెట్టినా మా అల్లుడూ అదే అంటాడు. ఏం బాగుందో చెప్పు."

"కాస్త మాడినట్టు... పొగలాగా."

"హమ్మయ్య. ఆ పొగే మనం అమ్మేది. తీపి ఇక్కడ ఎవడైనా అమ్ముతాడు."

ఆ బెల్లం వండేది ఉత్తర శ్రీలంకలో, కిళినొచ్చి వైపు పల్లెల్లోని ఒక ఆడవాళ్ల సంఘం. యుద్ధంలో గుండ్లు తగిలి తలలు తెగిన తాటిచెట్లు అక్కడ ఇప్పటికీ మొండి స్తంభాల్లా నిలబడి ఉంటాయి. తలలు మిగిలిన చెట్ల నుంచి దించిన నీరా వీళ్లు కాచి, తాటాకు బుట్టల్లో పోస్తారు. సంఘానికి పెద్ద యోగక్క. ఆవిడ భర్త యుద్ధం చివర్లో ఎటు వెళ్లాడో తెలియదు. ఆవిడ చెప్పేది కాదు, ఆంటీ అడిగేవారు కాదు. వాళ్లకు తెలిసిన మార్కెట్టంతా కూడలి నుంచి స్కూటర్ మీద వచ్చే ఒక షావుకారు. ధర చెప్పే హక్కు ఆయనది, తలూపే హక్కు వీళ్లది.

మేము టొరంటో తూర్పున, స్కార్‌బరోలో ఒక పచారీ కొట్టు యజమానిని ఒప్పించాం. "మీకో అర ఇస్తా. దీపావళి వారానికి అది నిండితే ఏడాదంతా ఆర్డరిస్తా. నిండకపోతే అందులో చిప్స్ పెట్టుకుంటా" అన్నాడాయన. ఈ మాట ఫోన్‌లో వినగానే యోగక్క షావుకారును ఇక రావద్దని చెప్పేసింది. ఆంటీ సంబరపడి ఆఫీసంతా తిరిగారు. మా ఆఫీసులో తిరగడానికి పెద్దగా చోటు లేదు, అయినా తిరిగారు. నేను లెక్కలు వేస్తూ కూర్చున్నాను. ఇక మా సరుకు అరలోకి ఎక్కకపోతే ఆ ఆడవాళ్లకు అమ్ముకునే చోటే లేదు.

సరుకు విమానంలో వచ్చింది, వచ్చి ఎయిర్‌పోర్ట్ గోదాములో ఆగిపోయింది. కాగితాల్లో రాసిన బరువు కంటే అసలు బరువు ఎక్కువ ఉందట. ఎక్కువ ఉన్నదేమిటో కస్టమ్స్ వాళ్లకు తెలియాలి. ఆంటీ టీ పెట్టుకుని యోగక్కకు వీడియో కాల్ చేశారు. మాటలు తమిళంలో సాగాయి, నాకర్థమైనంత రాస్తున్నాను.

"అక్కా, డబ్బాకు ఎన్ని బుట్టలు పెట్టారు?"

"పన్నెండు."

"మరి బరువు ఎక్కువొచ్చిందేం?"

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు.

"పన్నెండు, పైన ఒకటి. మొదటి బేరం, అంత దూరం నుంచి కొంటున్నారు. లెక్కకు లెక్క పంపితే మర్యాదగా ఉంటుందా?"

నేను మైక్ మ్యూట్ చేసి, "ప్రతి డబ్బాలోనా ఆంటీ? అన్నీ క్లియర్‌గా చెప్పాం కదా" అన్నాను.

"కొసరు వెయ్యొద్దని చెప్పామా? నీకు తోచిందా? నరసాపురం బజార్లో పెరిగినదాన్ని, నాకే తోచలేదు." అంటూనే నవ్వు మొదలుపెట్టారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "కస్టమ్స్ వాళ్లకే కొసరేశారమ్మా వీళ్లు."

మర్నాడు ఎయిర్‌పోర్ట్ గోదాములో ఒక అధికారిణి డబ్బా విప్పి, పదమూడో బుట్టను చేతిలోకి తీసుకుంది. ఇది బోనసా అని అడిగింది. ఆంటీ తన నరసాపురం ఇంగ్లీషులో చెప్పారు: "కాదమ్మా. బోనస్ అడిగి తీసుకుంటారు. ఇది అడక్కుండా పెట్టేది."

"అయితే కాగితాల్లో ఎందుకు రాయలేదు?"

"అడక్కుండా పెట్టేదాన్ని ఎవరైనా కాగితంలో రాస్తారా తల్లీ?"

ఆ అధికారిణి నా వైపు చూసింది. నేను ఫోర్క్‌లిఫ్ట్ వైపు చూశాను. చివరికి కాగితాలూ, డబ్బాల మీద లేబుళ్లూ లోపలున్నదానికి సరిపోయేలా మార్చుకుంటే వదులుతానంది. పదమూడోది తీసేస్తే పాత లేబుళ్లే చాలు, పని త్వరగా తెములుతుందని నేనన్నాను. ఆంటీ ఒప్పుకోలేదు. "తీసేస్తే వాళ్లు పెట్టింది మనం మింగినట్టు. పదమూడని వేద్దాం."

శనివారం చర్చి పాటల బృందం ఆంటీలు ఆ ఎయిర్‌పోర్ట్ గోదాముకే దిగారు. లేబుళ్లు అంటిస్తూ క్రిస్మస్ పాటలు ప్రాక్టీస్ చేశారు. దీపావళి సరుకు మీద. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది, పాట శ్రుతికి తప్ప. సాయంత్రానికి అర నిండింది. కొట్టు యజమాని డబ్బా తిప్పి చూశాడు.

"పన్నెండన్నారుగా?"

"పైది మీక్కాదు, కొనేవాళ్లకి," అన్నారు ఆంటీ.

దీపావళి ముందురోజు నేను ఆ కొట్లోంచే యోగక్కకు వీడియో కాల్ చేశాను. పొయ్యి పక్కన సంఘమంతా ఫోన్ చుట్టూ మూగింది. అర మొత్తం చూపించాను.

"ఖాళీ చెక్క చూపిస్తావేంటమ్మా? సరుకు చూపించు," అంది యోగక్క.

ఆంటీ నా భుజం మీంచి తొంగి చూసి, "అక్కా, ఆ ఖాళీయే సరుకు, అంతా అమ్ముడైపోయింది" అన్నారు.

అవతల అందరూ ఒకేసారి మాట్లాడారు. చిప్స్ పక్కన నిలబడి నేనూ ఏదో అరిచినట్టున్నాను. ఆంటీ ఆ ఊపులోనే, ఇకనుంచి కొసరు ముందే కలిపి తూకం వేయమని, డబ్బా మీద అదే రాయమని చెప్పారు. యోగక్క ఆలోచించి, "ముందే రాసేస్తే అది కొసరెలా అవుతుంది?" అంది. "రాసినా తియ్యగానే ఉంటుందిలే" అన్నారు ఆంటీ. కొన్ని వారాలకు షావుకారు మళ్లీ స్కూటర్ మీద వచ్చి బెల్లం ఉందా అని అడిగాడట. కావాలంటే కెనడా నుంచి తెప్పించుకోమని యోగక్క మర్యాదగా చెప్పిందట.

ఇప్పుడు విండ్సర్ ఊరి కొట్లకూ పంపుతున్నాం. కిళినొచ్చి వైపు మరికొన్ని సంఘాలు మాతో చేరాయి. లెక్క ఎక్కడ తేడా కొట్టినా నా మెదడు ఇంకా ముందు తప్పు అనే అంటుంది. బ్యాంకు ఇచ్చిన ట్రైనింగ్ అంత తేలిగ్గా పోదు. కానీ నోరు విప్పేముందు ఫోన్ తీసి, ఇది ఎవరి కోసం ఇలా చేశారని అడుగుతాను. చాలాసార్లు నిజంగానే తప్పు జరిగి ఉంటుంది, సరిచేయిస్తాను. కొన్నిసార్లు మాత్రం అవతల ఎవరో కిసుక్కుమంటారు. అప్పుడు సరుకు ముట్టుకోను, లేబుల్ మారుస్తాను.