జాజి తలనీలాలు

పిల్లికి గుండు చేయించినవాణ్ని మీరు చూసి ఉండరు. చూడాలని ఉంటే ఎప్పుడైనా మా ఇంటికి రండి, కాఫీ కూడా ఇస్తాను. అది వీధిలో తిరిగే మామూలు పిల్లి కూడా కాదు. తాతముత్తాతల గొప్పలు చెప్పి మరీ అమ్మిన పర్షియా పిల్లి. దానికి నేను చేసిన నిర్వాకం, దానివల్ల నా సంసారం బజారున పడబోయి ఆగిన వైనం చెబుతాను. మొహమాటపడకుండా నవ్వండి. అప్పట్లో నాకు నవ్వే తీరిక లేకపోయింది, నా వాటా కూడా మీరే నవ్వేయండి.

డెబ్బైల నాటి మాట. నేనప్పుడు మూసాపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో గుమాస్తాని. గోదావరి పక్క పల్లెనుంచి విమలను పెళ్లి చేసుకుని కొత్తగా తెచ్చుకున్నాను. బాలమ్మ అనే ఆవిడ ఇంట్లో వెనక భాగం కిరాయికి తీసుకున్నాం. ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ వైపంతా అప్పుడు బండరాళ్లు, సీతాఫలం చెట్లు. నేను పొద్దున్నే వెళ్తే దీపాలు పెట్టేవేళకు వచ్చేవాణ్ని. అప్పటిదాకా విమలకు తోడు గోడమీది గడియారమే. బాలమ్మ మాట విమలకు అర్థమయ్యేది కాదు. విమల మాట బాలమ్మకు అర్థమైనా, ఈ పిల్ల మాట్లాడుతోందా పాట పాడుతోందా అని అనుమానం. అందుకని ఇద్దరూ ఒకరినొకరు చూసి తలలూపి ఎవరి గదిలోకి వాళ్లు వెళ్లిపోయేవాళ్లు.

ఒకరోజు అన్నం వడ్డిస్తూ విమల అంది:

"ఏమండీ, నేను మా ఊరెళ్లి కొన్నాళ్లు ఉండి వస్తాను."

"ఎన్నాళ్లు?"

"కొన్నాళ్లు."

ఆ కొన్నాళ్లకు అటు చివర ఎక్కడుందో నాకు కనబడలేదు. అయ్యా, నాకు పుట్టుకతో ఒక జబ్బుంది. భయమేసినా సంతోషమొచ్చినా నా నోటికి హద్దుండదు. "వెళ్లకు విమలా! నీకు తోడు తెస్తాను. ఈ హైదరాబాదులో ఎవరింట్లోనూ లేని తోడు!" అనేశాను. అనేశాక తోడంటే ఏమిటా అని ఆలోచించడం మొదలుపెట్టాను.

ఆఫీసులో ఒకాయన చెప్పాడు. బోరబండ అవతల ఒక తోట బంగళాలో ఓ దొరసాని ఉందట, పర్షియా పిల్లుల్ని పెంచి వాటి పిల్లల్ని అమ్ముతుందట. ఆదివారం పూట ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాను. సరుకు కొనడానికి వెళ్తున్నాననుకున్నాను. తీరా చూస్తే అది పెళ్లిచూపులు, పెళ్లికొడుకుని నేను.

దొరసాని పేము కుర్చీలో కూర్చుని తమలపాకులకు సున్నం రాస్తోంది. కుర్చీ కింద ఒక పిల్లి, కిటికీలో ఒకటి, ఆవిడ ఒళ్లో ఒకటి. అన్నీ కలిసి నన్ను ఎగాదిగా చూశాయి.

"ఏం పని జేస్తవ్?"

"గుమాస్తానండి."

"ఇల్లు సొంతమా, కిరాయా?"

"కిరాయేనండి."

"కుక్క ఉన్నదా?"

"లేదండి."

"పొద్దంత ఇంట్ల ఎవరుంటరు?"

"మా ఆవిడండి."

"ఆమెకు ఇష్టమేనా? లేకుంటె నువ్వొక్కనివే ఉరికొచ్చినవా?"

మా మామగారు కూడా పిల్లనిచ్చేముందు ఇన్ని అడగలేదు. చివరికి ఆవిడకు కాస్త గురి కుదిరి, లోపలినుంచి ఒక పిల్లిపిల్లను తెచ్చి నా ఎదుట పెట్టింది. తెల్లటి దూదిపింజకు రెండు కళ్లు అతికించినట్టుంది. ముఖం మాత్రం అప్పుడే ఎవరిమీదో అలిగినట్టుంది.

"దీని ఖాన్‌దాన్ మామూలు ఖాన్‌దాన్ కాదు. దీని తాత నవాబుల దివాణంల పట్టు దిండు మీద పండేటోడు," అంది దొరసాని.

మా తాత చాపమీద పడుకునేవాడు. ఆ సంగతి నేను పైకి చెప్పలేదు.

తర్వాత ఆవిడ పెంపకం గురించి చాలాసేపు చెప్పింది. దువ్వెన ఎలా పట్టాలి, ఎప్పుడు దువ్వాలి, ఎందుకు దువ్వాలి. ఈలోగా ఆ నవాబుగారి మనవరాలు నా ప్యాంటు పట్టుకుని మోకాలి దాకా ఎక్కేసింది. దాన్ని దించాలో ఉంచాలో తెలియక సతమతమవుతూ అన్నిటికీ తలూపాను.

"సమజైందా?"

"అక్షరం పొల్లుపోకుండా అండి!"

"చూడు అబ్బాయి, నేనొకసారి మీ ఇంటికొచ్చి చూస్త. బొచ్చు చూస్తె తెలుస్తది నాకు, మీరెట్ల సాదిన్రో. మంచిగ లేకుంటె నీ పైసలు నీకు, నా బిడ్డ నాకు. ఒప్పుకుంటవా?"

"ఎంతమాటండి! దాని ఒంటిమీద ఒక్క వెంట్రుక రాలినా నన్నడగండి!"

చూశారా నోరు?

విమల దానికి జాజి అని పేరు పెట్టింది. ఇంట్లోకి జాజి రావడమేమిటి, వెనకే బాలమ్మ వచ్చింది.

"ఇదేంది, పిల్లా, కుందేలా?"

"పిల్లేనండి."

"మరి ముఖమెందుకు గట్ల పెట్టింది? ఎవరన్న ఏమన్న అన్నరా?"

విమల ఫక్కున నవ్వింది. ఆ రోజునుంచి జాజి తిన్నదీ, తిననిదీ, పడుకున్నదీ అన్నీ ఇద్దరికీ మాటలే. మధ్యాహ్నాలు బాలమ్మ బియ్యం చేట పట్టుకుని మా వాకిట్లోనే కూర్చునేది. కొన్నాళ్లకు విమల నాతో "జర ఆగండి, వస్తున్నా" అంటుంటే విని మురిసిపోయాను. ఊరి ప్రయాణం ఊసు మళ్లీ రాలేదు. జాజిని దువ్వే పని మాత్రం నాదేనని నేనే పంతం పట్టి తీసుకున్నాను. మొదటివారం భక్తిగా దువ్వాను. రెండోవారం తీరిక ఉన్నప్పుడు దువ్వాను. ఆ తర్వాత దువ్వెన ఎక్కడుందో కూడా తెలియదు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఓ ఆదివారం జాజి పాలు ముట్టలేదు. మూలకు చేరి మెడ సాచి పొడిదగ్గు దగ్గుతోంది. పశువుల దవాఖానకు పరుగెత్తాను, మూసి ఉంది. సాయంత్రానికి అది విమల ఒళ్లో వాలిపోయింది. విమల కళ్లవెంట ధారలు.

"ఏమండీ, దీనికేమైనా అయితే నేనీ ఇంట్లో ఉండలేను. నన్ను మా ఊరు పంపించేయండి."

మా కిటికీలోంచి చూస్తే దూరంగా గుట్ట, గుట్టమీద నరసింహస్వామి గుడి కనబడతాయి. అటు తిరిగి రెండు చేతులూ ఎత్తేశాను.

"స్వామీ! దీన్ని బతికించు! దీని ఒంటిమీద ఉన్న బొచ్చంతా, ఒక్క వెంట్రుక మిగల్చకుండా, నీకు తలనీలాలుగా ఇచ్చుకుంటాను!"

ఆ మాట ఇంకా గాల్లో ఉండగానే జాజి లేచింది. ఒళ్లంతా కుదిలించుకుంది. సరిగ్గా నా పాదంమీద తడితడిగా ఒక బొచ్చు ఉండ కక్కింది. కక్కి, మూతి నాక్కుని, గిన్నె దగ్గరికెళ్లి గటగటా పాలు తాగింది.

గడపలో నిలబడి అంతా చూసిన బాలమ్మ దండం పెట్టింది. "చూసిన్రా సారు? స్వామి ఒప్పుకున్నడు. బయానా గూడ తీస్కున్నడు."

రెండ్రోజులు పోయాక జాజి పరదాలెక్కి ఆడుతుంటే నాకు నెమ్మదిగా దొరసాని గుర్తొచ్చింది. ఆవిడ చూసేది బొచ్చు. నేను మొక్కింది బొచ్చు.

"విమలా, మూడు కత్తెర్లిస్తే సరిపోతుందేమో. ఆడవాళ్లకు అలాగే ఇస్తారుగా? ఇదీ ఆడపిల్లే."

"ఒక్క వెంట్రుక మిగల్చనన్నారు. నేను విన్నాను," అంది విమల.

"గుప్పెడు కత్తిరించి..."

"దేవునితోటి బేరమాడుతవా సారు? మల్ల బీమారైతె ఏం జేస్తవ్?" అంది బాలమ్మ.

ఆ మాటతో విమల ముఖం పాలిపోయింది. ఇక నేను నోరెత్తలేదు. నోరున్నది ఎత్తకుండా ఉండటానికే అని నాకు అప్పుడు తెలిసింది.

గుట్టమీద పూజారిగారు జాజిని చూసి, "శాస్త్రంలో ఇలాంటిది ఉన్నట్టు లేదు. వద్దన్నట్టూ లేదు. మెట్ల కిందే కానివ్వండి," అన్నారు. మెట్లకింద చెట్టునీడన రాములు అనే ఆయన కత్తి నూరుకుంటున్నాడు.

"ఎవరికి సారు? పాపకా?" అని విమల ఒళ్లో మూట చూసి అడిగాడు. మూట విప్పాం. రాములు కత్తి కింద పెట్టేశాడు.

"పెండ్లికొడుకులకు చేసిన. పసిపోరగాండ్లకు చేసిన. గోళ్లున్నోళ్లకు నేను చెయ్య!"

కాళ్లావేళ్లా పడ్డాను. విమల జాజి మెడకింద మెల్లగా గోకుతూ కూర్చుంది. ముందు కత్తెర, తర్వాత కత్తి. జాజి గుర్రుమంటూ కళ్లు మూసుకుని నవాబుల దివాణంలో ఉన్నట్టే పడుకుంది. పని అయ్యేసరికి రాములుకు అది ముద్దొచ్చింది. "నా గిరాకీలల్ల ఇంత మంచిగ కూసున్నోళ్లు ఎవ్వరు లేరు సారు," అన్నాడు.

ఆ దూదిపింజలో ఉన్న అసలు పిల్లి ఎంతంటే, తొక్క తీసిన తేగంత. పెద్ద తల, పెద్ద కళ్లు, దారంలాంటి తోక. ముఖంలో అలక మాత్రం అలాగే ఉంది, ఇప్పుడు దానికి కారణం కూడా ఉంది.

మీరు ఊహించిందే జరిగింది. ఆ వారంలోనే ఒక సాయంత్రం మా సందులో కారు ఆగింది. కిటికీలోంచి దొరసానిని చూసి నేను జాజిని నా మఫ్లర్‌లో చుట్టేశాను, ముక్కూ కళ్లూ మాత్రం బయటికి ఉంచి.

"ఏది నా బిడ్డ?"

"పడుకుందండి. కాస్త... జలుబు."

"మే నెలల జలుబేంది? ఆ మఫ్లరేంది? ఇటియ్యి."

మఫ్లర్ ఊడింది. దొరసాని నోట్లో తాంబూలం నమలడం ఆగిపోయింది. జాజి మాత్రం ఆవిడను గుర్తుపట్టి ఆ నున్నటి ఒంటితోనే ఆవిడ చేతికి రాసుకుంది.

"ఎవరు చేసిన్రు ఇది?"

"ఎండలు కదండి, చల్లగా ఉంటుందని..."

"నిజం చెప్పు!"

చెప్పాను. దగ్గు, మొక్కు, బొచ్చు ఉండ, గుట్ట, రాములు, అన్నీ. దొరసాని నుదురు కొట్టుకుంది.

"ఉండ కక్కినంక పాలు తాగిందా?"

"తాగిందండి! అంతా స్వామి దయ."

"స్వామి దయ కాదు, నీ దయ! నువ్వు దువ్వలే. రాలిన బొచ్చు అది నాకి మింగింది. కడుపుల చిక్కింది, కక్కింది, బాగైంది. గిదంతా ఆ దినమే చెప్పిన గద! ఇగ చాలు. నా బిడ్డను నేను తీస్కపోత."

జాజిని చంకలో పెట్టుకుని లేచింది. నాకు నోట మాట రాలేదు. అవసరం వచ్చినప్పుడే అది రాదు. అప్పుడు విమల, కొత్తవాళ్ల ఎదుట తల ఎత్తని విమల, వెళ్లి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఇయ్యనండి!"

"ఏందీ?"

"ఇయ్యనండి. తప్పు ఆయనది, శిక్ష నాకూ జాజికీ ఎందుకు? రేపటినుంచి నేనే దువ్వుతాను. ఇది వచ్చేదాకా నాకు ఈ ఊళ్లో పలకరించే మనిషి లేదండి. దీని మూలంగానే బాలమ్మగారు నాకు అక్క అయింది. దీన్ని తీసుకుపోతే నేనూ పోతాను, ఇక రాను."

అప్పటిదాకా గడప దగ్గర ఉన్న బాలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నా కళ్లల్లోనూ నీళ్లు తిరిగాయి, దాచుకోవడం ఎందుకు? దొరసాని నెమ్మదిగా జాజిని విమల చేతుల్లో పెట్టింది.

"నువ్వు ఏడ్వకు బిడ్డా. ఇది నీదే." తర్వాత నావైపు తిరిగింది. "మొక్కిందెవరు?"

ముగ్గురు ఆడవాళ్లూ నావైపు చూశారు. జాజి కూడా చూసింది.

"నీ నెత్తిమీద గంత జుట్టుండంగ, పిల్లి బొచ్చుమీద పడ్డవేంది?"

ఇంత చిన్న ప్రశ్న అంతవరకూ మాలో ఎవరికీ తట్టలేదంటే నమ్మండి. ఆ రోజుల్లో నా జుట్టు చెవులమీంచి కాలరు దాకా దిగేది. దాన్ని దువ్వడం నేను ఒక్కపూట కూడా మరిచిపోయి ఎరగను.

"దీని బొచ్చు మల్ల నిండుగ వచ్చేదాంక నీది గుండే. నేనొచ్చి ఇద్దర్ని చూస్త," అని తీర్పు చెప్పి దొరసాని కారెక్కింది.

రాములును బాలమ్మే పిలిపించింది, ఉత్సాహంగా. వాకిట్లో పీటమీద కూర్చుని నేను అటూఇటూ మెసులుతుంటే రాములు విసుక్కున్నాడు. "పిల్లే నయం సారు, కదలలే."

ఆఫీసులో నన్ను చూడగానే అందరూ లేచి నిలబడ్డారు. ఒకాయన భుజమ్మీద చెయ్యేసి, "ఎవరు పోయారు బాబూ?" అన్నాడు. "ఎవరూ పోలేదండి, పిల్లి బతికింది," అన్నాను. ఆయన ఇంకా జాలిగా చూసి సెలవు పెట్టుకోమన్నాడు.

జాజికి బొచ్చు రావడానికి నెలలు పట్టింది. సాయంత్రాలు విమల వాకిట్లో కూర్చుని జాజిని దువ్వి, ఆ చేత్తోనే నా నెత్తి తడిమి చూసేది. నిజం చెప్పొద్దూ, ఆ నెలలు నా జీవితంలోకెల్లా సుఖమైన నెలలు.

దొరసాని వచ్చి ఇద్దర్నీ చూసి, జాజి పాసైందని తేల్చాక, విమలను తీసుకుని గుట్టెక్కాను. గంట కొట్టి, కళ్లు మూసుకుని, గొంతు సవరించుకున్నాను.

"స్వామీ, నాకు బుద్ధొచ్చింది. ఇకమీదట ఎవరి పేరిటా, ఏ ఆపదలోనూ, ఎలాంటి మొక్కూ మొక్కను. ఈ మాట తప్పానో, నా జుట్టంతా నువ్వే తీసేసుకో!"

కళ్లు తెరిచేసరికి విమల స్తంభాన్ని పట్టుకుని వంగి వంగి నవ్వుతోంది. "మొక్కనని మొక్కుకున్నారండీ, అదీ జుట్టే!" అంది.

ఆ మాటమీద ఎన్నాళ్లు నిలబడ్డానంటారా? మరుసటేడు విమల కాన్పుకు దవాఖానలో చేరేదాకా. ఆ వరండాలో నేను ఎందరు దేవుళ్లకు ఏమేం మొక్కానో నాకే గుర్తులేదు. పాప బొద్దుగా, ఆరోగ్యంగా పుట్టింది. ఆ తర్వాత ముప్పై అయిదు దాటకుండానే నా నెత్తి దానంతటదే నున్నబడింది. డాక్టర్లు వేడి అన్నారు, నీళ్లు అన్నారు. అసలు సంగతి నాకూ స్వామికీ తెలుసు.