తవుడు రుమాలు, బొంబాయి విమానం

కింద రాసిందంతా అక్షరం పొల్లుపోని నిజమని మా మిల్లు తవుడు బస్తా మీద చెయ్యేసి ఒట్టు పెడుతున్నాను. (బాన్సువాడలో నన్నెరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారు. నవ్వనీయండి, మీరు ముందుకు సాగండి.)

ఆ రోజుల్లో విమానమంటే నాకు తలెత్తి చూసేదే తప్ప ఎక్కి కూర్చునేది కాదు. కొత్తగా పెళ్లయింది, రైస్ మిల్లులో గుమస్తా కొలువు దొరికింది, మీసం కూడా ఒక దారికి వచ్చింది. అలాంటి వయసులో భయమని ఎవడు ఒప్పుకుంటాడు? నిజాంసాగర్ కట్ట మీద నిలబడి కిందికి చూడాల్సొస్తే రెండు కళ్లూ గట్టిగా మూసుకునేవాణ్ణి. మిల్లులో బస్తాల మీదికెక్కి లెక్క చూసి రమ్మంటే, కిందనే నిలబడి పైన ఎన్నుంటాయో ఊహించి చెప్పేవాణ్ణి. (నా ఊహాశక్తి అలా పెరిగిందే. చదువుతో వచ్చింది కాదు.)

ఇలాంటి నాకు దేవుడు హైదరాబాదులో ఉద్యోగం చేసే బామ్మర్దిని ఇచ్చాడు. ప్రతి ఎండాకాలం మా ఇంటికొచ్చి, చల్లటి మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, "బావా, ఈసారి విమానంల పోదాం. బస్సులల్ల నడుములు ఇరగ్గొట్టుకునుడు ఎందుకు?" అని మొదలుపెట్టేవాడు. నేను తొణక్కుండా జేబులోంచి రుమాలు తీసేవాణ్ణి. దాని మడతలో మిల్లు నుంచి తెచ్చిన చిటికెడు తవుడు దుమ్ము ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ముక్కు తుడుచుకున్నట్టు ఒక్కసారి పీల్చేవాణ్ణి. హాఛ్!

మా ఇంట్లో ఒంటి తుమ్ముకు ఎదురు లేదు. పోదామనుకున్న వేళ ఎవరైనా ఒక్క తుమ్ము తుమ్మితే ఆ పని ఆగిపోవలసిందే. వెంటనే రెండోది వస్తే మాత్రం దోషం పోతుంది, నిశ్చింతగా బయలుదేరవచ్చు. ఈ చట్టాన్ని అమలు చేసేది మా అవ్వ, అంటే మా నాయిన తల్లి. "ఒంటి తుమ్ము తుమ్మిండు. ఇగ ఇయాల్ల గా ముచ్చట ఇడువుండ్రి" అనేది. బామ్మర్ది టికెట్ల కోసం తీసిన ఫోన్ జేబులో పెట్టేసేవాడు. రెండో తుమ్ము బయటికి రాకుండా ముక్కు గట్టిగా పట్టుకుని కూర్చోవడంలో నాకు మంచి సాధన ఉండేది. ఆ విధంగా తిరుపతికి రైలు, షిరిడీకి బస్సు. ఊటీకైతే రైలు, బస్సు, ఇంకో బస్సు మారి, అక్కడికి చేరేసరికి తిరుగు ప్రయాణం వేళయింది.

"మిల్లుల పొద్దందాక తవుడు నడుమ ఉంటవు, ఒక్కపారి గూడ తుమ్మవు. విమానమనంగనే నీ ముక్కుకు ఏమైతదయ్యా?" అని మా ఇంటామె అడిగేది.

"గాలి మార్పు" అనేవాణ్ణి.

"ఎక్కకముందుకే మారిందా గాలి?"

ఇలా ఎన్నేళ్లయినా నెట్టుకొచ్చేవాణ్ణే. కానీ ఒక ఏడు నాట్లు అయిపోయాక, చట్టం అమలు చేసే అవ్వే అడ్డం తిరిగింది. బామ్మర్ది బొంబాయి సముద్రం గురించి ఊరిస్తుంటే మధ్యలో అందుకుని, "సముద్రం నాకెందుకు బిడ్డా, కాలువ నీళ్లు సూసిన కండ్లే ఇవి. గా విమానమెక్కి పైకెల్లి మన మడి జూడాలె. నాటేసుకుంట నడుము లేపినప్పుడల్లా మీదికెల్లి పోతుండె. గంత మీదికెల్లి మేము ఎట్ల కనబడ్తమో అనుకునేదాన్ని. ఒక్కపారి సూస్త. గని పోరడు వస్తెనే నేనొస్త" అంది. పోరడంటే నేనే.

నా చెయ్యి జేబు దాకా వెళ్లింది. మా ఇంటామె దాన్ని గాలిలోనే పట్టుకుంది. "అవ్వ మోకాళ్లు ఈ ఏడు నడుస్తున్నయ్. వచ్చే ఏటి సంగతి ఎవలకెరుక? ఇప్పుడు తుమ్మినవంటే నేను మా తల్లిగారింటికి పోత" అని చెవిలో చెప్పింది. తుమ్మనని మాటిచ్చాను.

బయలుదేరేనాడు కొత్త ప్యాంటు, కొత్త అంగీ, కొత్త బూట్లు వేసుకున్నాను. రుమాలు మాత్రం అలవాటు కొద్దీ పాతదే జేబులో పడింది. కిటికీ పక్కన అవ్వ, నడుమ నేను, ఇటువైపు మా ఇంటామె. వెనక బామ్మర్ది. తలుపులు మూశారు, విమానం కదిలింది. నా ఒళ్లంతా చెమటలు. రుమాలు తీసి మొహం అదిమి తుడుచుకున్నాను. దేవుడి మీద ఒట్టు, మనసులో ఏ దురుద్దేశమూ లేదు. హాఛ్!

ఒక్కటే.

విమానం టక్కున ఆగింది. అవ్వ నడుముకున్న పట్టీని లాగడం మొదలుపెట్టింది. "ఇప్పు బిడ్డా దీన్ని. నేను దిగుత."

విమానంలో పనిచేసే అమ్మాయి పరుగున వచ్చింది. అవ్వ ఆమెకు తనకొచ్చిన హిందీలో, "జరా ఠైరో అమ్మా, పోరడు తుమ్మ్యా" అని నచ్చజెప్పింది. అంతలో పైలట్ మైకులో, తుమ్మినాయన సంగతి తేలేదాకా బండి కదలదని ప్రకటించాడు. వెనక సీటు మరాఠీ తాత ముక్కుపొడి డబ్బీ అందించాడు. విమానం విమానమంతా నా ముక్కు వైపే చూస్తోంది.

"అవ్వా, నీ మడి జూడవా?" అన్నాను.

"నీకేమన్న అయితే మడి జూసి ఏం జేస్కోవాలెరా?" అంది, పట్టీ పీకుతూనే.

ఇన్నేళ్లూ విమానం ఎక్కకుండా ఉండటానికి తుమ్మినవాణ్ణి, ఇప్పుడు విమానం లేవడానికి తుమ్మాలి. ఎంత పిలిచినా రెండోది రాదే! ఆ అమ్మాయి అవ్వ చెయ్యి పట్టుకుని బతిమాలుతోంది. మా ఇంటామె నా వైపు చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు, అదే భయమేసింది. ఇక ఆగలేదు. ముక్కుపొడి ఎందుకు, ఇంటి సరుకే ఉండగా? రుమాలు మొత్తం మొహానికి అదుముకుని గుండెల నిండా పీల్చాను.

తర్వాత వచ్చింది తుమ్ము కాదు, తుఫాను. రెండోది, మూడోది, ఆపైన లెక్క తప్పింది. కళ్లలో నీళ్లు, ముక్కులో మంట, చెవుల్లో హోరు. "ఇగ మంచిది, పోనియ్" అని అవ్వ గొంతు ఎక్కడో వినిపించింది. తుమ్ములు ఆగి కళ్లు తెరిచేసరికి కిటికీ అంతా తెల్లగా ఉంది. నేను అంతగా భయపడ్డ ఘట్టం నాకు తెలియకుండానే దాటిపోయింది.

"లేసిందారా?"

"లేసింది అవ్వా."

"నా కండ్లకు అంత మసక మసకగున్నది. నువ్వు సూసి జెప్పు."

అవ్వ మీదుగా వంగి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అంత ఎత్తు నుంచి కిందికి చూశాను. మబ్బులు. మబ్బుల కింద మబ్బులు.

"గదిగో నిజాంసాగర్ కట్ట" అన్నాను. "గదిగో కాలువ. దాని పక్కకే పచ్చగ నీ మడి. రుమాలు పరిచినట్టున్నది."

"బర్రె కనబడ్తుందా?"

"గట్టు మీద మేస్తుంది."

"బర్రెను నిన్ననే నస్రుల్లాబాద్‌ల మీ మేనత్తింటికి తోలిస్తిమి గదరా!"

"నస్రుల్లాబాద్ గూడ కనబడ్తుంది అవ్వా."

అవ్వ పడీ పడీ నవ్వింది. నా భుజం మీద తల ఆనించి, "జెప్పు జెప్పు, ఆపకు" అంది. బొంబాయి దాకా చెబుతూనే ఉన్నాను.

ఇంతకీ మొదట ఒట్టు పెట్టాను గనక, ఒక ముక్క ఒప్పుకోవాలి. విమానం నా తుమ్ముకు ఆగలేదు. ముందు ఇంకో విమానం ఉంటే ఆగింది. పైలట్ మైకులో చెప్పిందంతా నేను కల్పించిందే. అదొక్కటే. మరి బర్రె మాటేమిటంటారా? అది ఇప్పుడు కల్పించింది కాదు, అప్పుడే కల్పించాను.

ఆ పైఏడు అవ్వ మోకాళ్లు మొరాయించాయి. అయినా గట్టు మీద కూర్చుని, పైనుంచి మన మడి రుమాలంత ఉంటదని నాటేసేవాళ్లకు చెప్పుకుంటూ చాలా కాలం బతికింది. నేను మళ్లీ కొన్నిసార్లు విమానం ఎక్కాను, ఇప్పటికీ కళ్లు మూసుకునే. కానీ నాట్ల వేళ మా మడి మీదుగా విమానం పోతే మాత్రం బురదలో నిలబడి, కళ్లు చికిలించి, రుమాలు తీసి ఊపుతాను. కిటికీ దగ్గర ఏ పోరడో తన అవ్వకు నన్ను చూపించి ఏమేం చెబుతున్నాడో. పాపం, వాడి మాట నిలబెట్టాలి కదా.